పులుపు జాడింపు

ఆస్పత్రి దుప్పట్లు మూటలు మూటలుగా తిరిగొచ్చాయి. వ్యాను డ్రైవరు వాటిని లాండ్రీ గుమ్మంలో దింపి, మేట్రన్ చెప్పమన్న మాటని నసుగుతూనే చెప్పి, టీ తాగి వెళ్లమన్నా ఆగకుండా వెళ్లిపోయాడు. ఉతకడం చేతకాకపోతే ముందే చెప్పాలి గానీ రోగుల పక్కల మీద పసుపు మరకల గుడ్డలు పరిపిస్తారా అన్నది ఆ మాట.

ఆ లాండ్రీ నడిపే ఆవిడని వీధిలో అందరూ అత్త అనే పిలుస్తారు. నిజానికి ఆవిడ ఒక్కరికే మేనత్త. మిగతావాళ్లంతా ఆ ఒక్కరిని చూసి అలవాటు చేసుకున్నవాళ్లు. మనిషి పొట్టిగా, దిట్టంగా ఉంటుంది. గొంతు మాత్రం తిరుగుతున్న డ్రమ్ముల చప్పుడుని దాటి వీధి చివరిదాకా వినిపిస్తుంది. ఆ రోజు ఆ గొంతు ముందు సబ్బుపొడి వ్యాపారి మీద పడింది, తర్వాత మడతలు వేసే ఆడవాళ్ల మీద పడింది, చివరికి నోరూ వాయీ లేని పిండే యంత్రం మీద కూడా పడింది. తిట్టడం అయ్యాక ఆవిడే చల్లబడి, కొంగు నడుముకి దోపుకుని, ఒక దుప్పటి తీసుకుని మొదటినుంచి తానే ఉతకడం మొదలుపెట్టింది.

ఉడికించింది, సబ్బు పెట్టింది, మంచినీళ్లలో రెండుసార్లు జాడించింది. దుప్పటి తెల్లగా, కొత్తదానిలా వచ్చింది. ఇక మిగిలింది పులుపు జాడింపు. సబ్బులోని క్షారం గుడ్డలో కొంచెమైనా ఉండిపోతే రోగుల ఒంటికి దురద పెడుతుంది. అందుకని ఆఖరి తొట్టిలో కాస్త ఆమ్లం కలిపి అందులో ముంచి తీస్తారు. లాండ్రీలో దాన్ని పులుపు అంటారు. అత్త ఎప్పటిలాగే డబ్బాలోంచి కొలిచి పోసి, దుప్పటిని ముంచింది. చూస్తుండగానే నీళ్లు మసకబారాయి. కుళ్లిన కోడిగుడ్డు వాసన గుప్పుమంది. పైకి తీసేసరికి దుప్పటి మడతల్లో పసుపురంగు పట్టేసి ఉంది.

అత్తకి ముందు తుప్పు అనిపించింది. గొట్టాలు పాతవి. కానీ ఆవిడ అనుభవంలో తుప్పు మరక పులుపుకి పోవాలి. ఇది పులుపుకే వచ్చింది. అక్కడ ఆవిడ ఆలోచన ఆగిపోయింది. తడి దుప్పటిని సంచిలో కుక్కి, సాయంత్రం మేడ మీద భోజనాల బల్ల మీద పరిచి, మేనకోడలు పనినుంచి వచ్చేదాకా కూర్చుంది.

ఆ మేనకోడలి పేరు చాలామందికి తెలీదు. లాండ్రీలో అందరికీ ఆమె బుడ్డి. చిన్నప్పుడు బోర్లించిన బకెట్ మీద నిలబడితేగానీ తొట్టిలోకి తొంగిచూడలేకపోయేది, అప్పట్లో పడ్డ పేరు. తల్లి పోయాక తండ్రి మరో ఊళ్లో మరో సంసారం పెట్టుకుంటే, అత్త ఆమెని ఆవిరి పొగల మధ్యే పెంచి, రసాయనశాస్త్రం చదివించింది. ఇప్పుడు ముప్ఫై దాటిన మనిషి, కొండ మీద రాగిగని వాళ్ల ప్రయోగశాలలో నీళ్ల పరీక్షలు చూస్తుంది. ఎత్తు మాత్రం పెద్దగా పెరగలేదు.

లాండ్రీకి నీళ్లు వచ్చేది ఆ గనినుంచే. సొరంగాల్లో ఊరే నీటిని పైకి తోడి, శుద్ధి చేసి, ఒక మడుగులో నిలబెట్టి, తూములోంచి కాలవకి వదులుతారు. ఆ కాలవ మీద లాండ్రీ, పూలమొక్కల నర్సరీ, కార్లు కడిగే షెడ్డు, ఇంకా పది రకాల బతుకులు నడుస్తున్నాయి. తాగడానికి కాదు గానీ మిగతా అన్నిటికీ అవే నీళ్లు. గని గేటు మీద వారం వారం ఒక కాగితం అతికిస్తారు. ఆర్సెనిక్ అనే పాషాణం లేదు, సీసం లేదు, తుత్తునాగం లేదు అని అందులో ఉంటుంది. ఆ లేదు అన్న మాటకి ఆధారం బుడ్డి చేసే పరీక్షలే.

అత్త చెప్పిందంతా విని బుడ్డి దుప్పటిని ముక్కు దగ్గర పెట్టుకుంది. కత్తెర తెచ్చి పసుపు బాగా పట్టిన చోట ఒక ముక్క కత్తిరించింది. ఆస్పత్రి సొత్తుని కత్తిరిస్తావేమే అని అత్త గొణిగింది గానీ ఆపలేదు.

మర్నాడు ప్రయోగశాలలో బుడ్డి ఆ ముక్కని చిన్న గాజు గిన్నెలో వేసి అమోనియా పోసింది. తుప్పు అయితే కదలదు. పసుపు మాత్రం గుడ్డలోంచి జారిపోయి, నీళ్లు నీళ్లలాగే తేటగా ఉన్నాయి. గుడ్డని తీసేసి, ఆ తేట నీళ్లలో ఆమ్లం చుక్కలు వేసింది. పసుపు మళ్లీ పుట్టింది, దాంతోపాటు ఆ వాసనా వచ్చింది. కిటికీ తెరిచింది. డిగ్రీ మొదటేడు చదివినవాళ్లెవరికైనా తెలిసే రంగు అది. రాళ్లలో దొరికినప్పుడు దాన్నే అరిదళం అంటారు. పాషాణం, గంధకం కలిసిన పసుపు రాయి. పాతకాలం చిత్రకారులు నూరి రంగుగా వాడేవాళ్లు, వాడి జబ్బు పడేవాళ్లు.

ప్రయోగశాల మూలన గాజు బీరువాలో గని రాళ్ల నమూనాలు ఉన్నాయి. అరిదళం ముక్క ఒకటి, దాని పక్కన ఎర్రటి మణిశిల. ఉక్కురంగులో మెరిసే రాగి ఖనిజం ఒకటి, ఈ గని తవ్వేదే దాని కోసం. అడుగు అరలో నల్ల కాగితంలో చుట్టిన ఎర్ర వెండిరాయి ఉంది. వెలుతురు తగిలితే దాని ఎరుపు చచ్చిపోతుందని అలా దాచారు. చూడటానికి ఒకదానికొకటి పోలికే లేదు. లోపల మాత్రం అన్నింట్లో ఒకే జంట. ఎర్ర వెండిరాయిలో పాషాణం పరమాణువు చుట్టూ గంధకం పరమాణువులు మూడు, రాగి ఖనిజంలో నాలుగు. ఆ గుంపుకి రుణవిద్యుత్తు ఉంటుంది, దాన్ని పట్టుకుని వెండో రాగో కూర్చుంటుంది. రాయిలో ఉన్నంతకాలం అది కదలదు. కానీ క్షారం ఉన్న నీళ్లలో గంధకం ఎక్కువగా దొరికితే, అదే రకం గుంపు నీళ్లలో కరిగి విడిగా తిరుగుతుంది. రంగు ఉండదు, కంటికి కనపడదు. ఆమ్లం తగిలిందా, విడిపోయి పసుపుగా అడుగున పడుతుంది.

ఆ సంగతి బుడ్డి చదువుకున్నదే. ఇన్నాళ్లూ దాన్ని తన మడుగు నీళ్లతో కలిపి ఆలోచించాల్సిన అవసరం రాలేదు.

ఇప్పుడు వరసగా అన్నీ కళ్లముందుకొచ్చాయి. గతంలో సొరంగాల నీటిని ఇనుప లవణంతో, సున్నంతో శుద్ధి చేసేవాళ్లు. దానివల్ల ఎర్రటి బురద కుప్పలు కుప్పలుగా మిగిలేది, దాన్ని దాచడానికి చోటు చాలేది కాదు. శుద్ధి కేంద్రాన్ని చూసే పెద్దసారు ఆ పద్ధతి మార్చి, గంధకం ఉన్న సోడియం సల్ఫైడు వాడడం మొదలుపెట్టాడు. బురద తగ్గింది. పరీక్షల్లో పాషాణం దాదాపు లేకుండా పోయింది. మోతాదు పెంచినకొద్దీ లెక్క ఇంకా తగ్గింది, ఈమధ్యే బాగా పెంచాడు కూడా. కంపెనీ ఆయనకి సన్మానం చేసి, మూడు గనులకి పెద్దని చేస్తామని మాట కూడా ఇచ్చింది. అయితే మడుగు దగ్గర నీళ్లు పట్టే సీసాల్లో నీళ్లు చెడిపోకుండా ముందే ఆమ్లం పోసి ఉంచుతారు. సీసా ప్రయోగశాలకి వచ్చేసరికి అడుగున ఏదైనా పడితే, మట్టి అనుకుని వడకట్టి, పైన తేరిన నీటినే పరీక్ష చేస్తారు. అంటే పాషాణం వడకాగితం మీద ఉండిపోతోంది. నీళ్లలో లేదని రాస్తున్నారు. గంధకం ఎంత ఎక్కువ వేస్తే నీళ్లలో పాషాణం అంత ఎక్కువ కరుగుతోంది, సీసాలో అంత పూర్తిగా అడుగుకి చేరుతోంది.

ఆమ్లం పోయని సీసా తీసుకుని తానే మడుగు దగ్గరికి వెళ్లి నీళ్లు పట్టింది. ముందు హైడ్రోజన్ పెరాక్సైడు కలిపి గంధకం జంటని విడగొట్టి, పాషాణం నీళ్లలోనే ఉండేట్టు చేసి, అప్పుడు పరీక్ష పెట్టింది. వచ్చిన లెక్క హద్దుకి వందల రెట్లు ఉంది. యంత్రం చెడిందేమోనని మళ్లీ చేసింది. చెడలేదు.

పెద్దసారు గది కిటికీలోంచి మడుగు మొత్తం కనిపిస్తుంది. ఆయన చెడ్డవాడు కాదు. బుడ్డిని ఉద్యోగంలోకి తీసుకున్నది ఆయనే, గుర్తుపెట్టుకుని అత్త ఆరోగ్యం అడిగేదీ ఆయనే. ఆ రోజు కూడా కూర్చోమని, టీ తెప్పించి, ఆమె చెప్పిందంతా మధ్యలో అడ్డుతగలకుండా విన్నాడు. విన్న తర్వాత కళ్లద్దాలు తీసి తుడుచుకున్నాడు. సీసాల్లో ఆమ్లం పొయ్యాలన్నది ప్రభుత్వం అచ్చువేసిన పద్ధతి అనీ, దాన్ని మార్చే హక్కు తనకీ లేదనీ ఆమెకీ లేదనీ అన్నాడు.

"నువ్వు చెప్పేది తప్పని అనట్లేదమ్మా. పద్ధతిలో లేదంటున్నాను. సీసాలో నువ్వేదో కలిపాక వచ్చిన లెక్క నీ లెక్క అవుతుంది, నీళ్ల లెక్క కాదు."

"ఆమ్లం కూడా మనం కలుపుతున్నదే కదా సార్."

ఆయన టీ కప్పు కింద పెట్టాడు. అనుమానంగా ఉంటే గంధకం మోతాదు ఇంకాస్త పెంచుదాంలే అన్నాడు. మందు వల్ల వచ్చిన జబ్బుకి మళ్లీ అదే మందు. ఆమె లేచి నిలబడి, మోతాదు పెంచితే ఏమవుతుందో బల్ల మీద వేలితో గీసి మరీ చెప్పింది. ఆయన ముఖంలో నెమ్మది తగ్గుతూ వచ్చింది. వారం తిరక్కుండా ఆమెని నీళ్ల బల్ల మీదనుంచి తీసి, ఖనిజం పొడి తూచే గదికి మార్చారు. ప్రయోగశాల తాళం వెనక్కి అడిగి తీసుకున్నారు.

మేడ మీద ఆ కబురు విన్న అత్త చాలాసేపు తన చేతులు చూసుకుంది. ఆ చేతుల మీద కొన్నాళ్లుగా గట్టి మచ్చలు లేస్తున్నాయి. లాండ్రీలో పనిచేసే ఆడవాళ్లలో సగం మందికి తలనొప్పి, అరచేతుల మంట. సబ్బు పడట్లేదని ఎవరికి వాళ్లు సర్దుకుంటున్నారు. అది పాషాణం పనేనా అని అత్త అడిగింది. డాక్టరు చూసి చెప్పాలి గానీ, కావచ్చు అని బుడ్డి చెప్పింది. అత్త తిట్టలేదు. అదే బుడ్డిని భయపెట్టింది. ఆవిడ తిట్టకుండా ఉన్న సందర్భాలు వేళ్ల మీద లెక్కపెట్టొచ్చు.

తెల్లారి అత్త కాలవ కుళాయి కట్టేసి, ట్యాంకరు నీళ్లు తెప్పించుకుంది. తర్వాత ఆస్పత్రి మూటలన్నీ విప్పించి, పసుపు పట్టిన దుప్పట్లని లాండ్రీ ముందు రోడ్డువైపు తీగల మీద వరసగా ఆరేయించింది. ఒక్క అక్షరం కూడా రాయించలేదు. అడిగినవాళ్లకి మాత్రం, గని నీళ్లలో ఉతికి కాస్త పులుపు పోస్తే మీ గుడ్డలూ ఇలాగే అవుతాయి, ఇంటికెళ్లి చూసుకోండి అని చెప్పింది. నర్సరీ ఆయన నవ్వుతూ వెళ్లి, నవ్వు లేకుండా తిరిగొచ్చాడు. కార్ల షెడ్డువాళ్లు పసుపెక్కిన నీళ్ల బకెట్‌తో వచ్చారు. కోపంగా కారు దిగిన మేట్రన్, బుడ్డి చెప్పింది విన్నాక, దుప్పటి అంచు పట్టుకుని, ఇవి ఎన్ని వారాలుగా నా రోగుల కింద ఉన్నాయి అని మాత్రం అడిగింది. ఆ సాయంత్రమే ఆస్పత్రిలో ఉన్న దుప్పట్లన్నీ మార్పించింది.

కంపెనీ మనిషి ఒకాయన వచ్చి, దుప్పట్లు తీసేయండి, మీ మేనకోడలి ఉద్యోగం గురించైనా ఆలోచించండి అన్నాడు. ఉద్యోగం దానిది, తీగలు నావి అని అత్త చెప్పి పంపేసింది.

గేటు మీద కాగితం మాత్రం మారలేదు. లేదు, లేదు, లేదు. పైగా గంధకం పంపు మోతాదు నిజంగానే పెంచారని ఖనిజం గదిలో పనిచేసేవాళ్లు చెప్పారు. కాలవ మీద ఉన్నవాళ్లు కొందరు మానేశారు, ఎక్కువమంది మానలేదు. కంపెనీ కాగితాన్ని నమ్మాలా, లాండ్రీ ఆవిడ తీగని నమ్మాలా అన్నారు. ఖనిజం గదిలో త్రాసు ముందు కూర్చున్న బుడ్డికి కిటికీలోంచి కాలవ కనపడుతూనే ఉండేది. చాలా తేటగా, అందంగా పారుతుండేది. చెప్పాల్సినవాళ్లకి చెప్పాను కదా అని తనకి తాను చెప్పుకోవడానికి ప్రయత్నించింది.

ఒక ఉదయం పని మొదలయ్యే వేళ ఆమె ఖనిజం గదికి వెళ్లకుండా నేరుగా తూము దగ్గరికి నడిచింది. తూముకి రెండు చక్రాలున్నాయి. ఒకటి తిప్పితే నీళ్లు ఊరి కాలవకి వెళ్తాయి. రెండోది తిప్పితే, ప్రమాదం వచ్చినప్పటికని పక్కనే తవ్వి ఉంచిన ఖాళీ గుంటలోకి వెళ్తాయి. ఆ గుంట ఒక రోజుకి నిండుతుంది. అది నిండితే సొరంగాల పంపులు ఆపాలి, పంపులు ఆగితే గని ఆగాలి. ఇదంతా ఆమె ముందే ఆలోచించుకుంది. నీళ్లు పొర్లి ఎవరి మీదా పడకూడదు, కానీ కాలవలోకి మాత్రం చుక్క పోకూడదు.

తూము కాపలా మనిషి భార్య లాండ్రీలో మడతలు వేస్తుంది. బుడ్డి చక్రం మీద చెయ్యి వెయ్యడం చూసి అతను, నాకు టీ తాగాలనిపిస్తోంది, వచ్చేసరికి ఏం జరిగినా నాకు తెలీదు అని చెప్పి, టీకొట్టు లేని దిక్కుగా నడుచుకుంటూ వెళ్లాడు.

చక్రం బిగుసుకుని ఉంది. ఒంటి బరువంతా వేసి తిప్పింది. కాలవ చప్పుడు సన్నబడి, ఆగిపోయింది. గుంటవైపు చక్రం తేలిగ్గానే తిరిగింది. మూసిన చక్రానికి గొలుసు వేసి, తాళం పెట్టి, తాళంచెవి జాకెట్లో దోపుకుని, చక్రం మీదే కూర్చుంది. కాళ్లు నేలకి అందలేదు.

ముందు సెక్యూరిటీ వాళ్లు వచ్చారు. దిగమన్నారు. పెద్దసారు వస్తే దిగుతానంది. ఆడమనిషిని ఎత్తుకెళ్లడానికి వాళ్లకి మనసొప్పలేదు, ఆమెకి దిగడానికీ ఒప్పలేదు. ఈలోగా కాలవ ఎండిందని కింద తెలిసి, నర్సరీ ఆయన, షెడ్డువాళ్లు పైకి వచ్చారు. కొందరు బుడ్డి మీద కేకలు కూడా వేశారు, మా పొట్ట కొడుతున్నావు అని. ఆమె కిందికి చూసి, ఒక్కపూట ఆగండి, ఆ తర్వాత మీరే తాళం పగలగొట్టుకోండి అంది. వాళ్ల వెనకాలే అత్త, లాండ్రీ ఆడవాళ్లు వచ్చారు. అత్త చేతిలో పులుపు డబ్బా ఉంది.

పెద్దసారు వచ్చేసరికి అక్కడ చిన్న జాతరలా ఉంది. ఆయన అందరి ముందూ బుడ్డిని ఒక్క మాట అనలేదు. మడుగులోంచి గాజు గ్లాసుతో నీళ్లు ముంచి, ఎండకెత్తి చూపించాడు. ఇంత తేట నీళ్లు ఇంకే గని వదులుతుందో చెప్పమన్నాడు. అందరూ ఆ గ్లాసు వంకే చూశారు. నిజంగానే అందులో నలుసు లేదు.

"అందులో మా అత్త పులుపు కొంచెం పొయ్యండి సార్," అంది బుడ్డి చక్రం మీదనుంచే. "నేను ముట్టుకోను. మీ చేత్తో మీరే పొయ్యండి."

ఆయన పొయ్యకుండా ఉండొచ్చు. కానీ అంతమంది చూస్తుండగా పొయ్యకపోవడం కూడా ఒక జవాబే అవుతుందని ఆయనకి తెలుసు. అత్త అందించిన డబ్బాలోంచి కాస్త పోశాడు. గ్లాసులో నీళ్లు మసకబారి, పసుపెక్కి, అడుగుకి దిగడం మొదలైంది. వాసనకి ముందున్నవాళ్లు కొంగులు అడ్డం పెట్టుకున్నారు.

ఆయన గ్లాసుని దగ్గరగా పెట్టుకుని చూశాడు. తర్వాత, అది ఉత్త గంధకం అన్నాడు. సల్ఫైడు నీళ్లలో ఆమ్లం పోస్తే గంధకం పడటం మామూలే, ఇందులో పాషాణం ఉందనడానికి రుజువు లేదు అని అందరికీ వినపడేలా చెప్పాడు. ఆ మాటలో కొంత నిజం ఉంది, అందుకే జనంలో గుసగుస మొదలైంది.

బుడ్డి చక్రం దిగింది. సంచిలోంచి అమోనియా సీసా తీసి ఆయనకిచ్చింది.

"ఉత్త గంధకం అయితే దీనికి కరగదు. పాషాణం ఉంటే కరుగుతుంది. ఇంటర్వ్యూలో ఈ ప్రశ్న నన్ను మీరే అడిగారు సార్."

ఆయన పైన తేరిన నీళ్లు వంపేసి, అడుగున మిగిలిన పసుపు మీద అమోనియా పోసి, గ్లాసుని నెమ్మదిగా తిప్పాడు. ఒకసారి తిప్పాడు, ఆగి మళ్లీ తిప్పాడు. పసుపు పలచబడింది. ఇంకాసేపటికి గ్లాసులో ఏమీ లేనట్టే ఉంది. అందరికీ అర్థం కాలేదు. కానీ పెద్దసారు ముఖం చూసినవాళ్లకి వేరే వివరణ అక్కర్లేకపోయింది. ఆయన తూము గట్టు మీద కూర్చున్నాడు. గ్లాసు ఇంకా చేతిలోనే ఉంది. ఎవరివైపూ చూడకుండా, గంధకం పంపు ఆపమని చెప్పాడు. సొరంగాల పంపులు కూడా ఆపమన్నాడు. పక్కనున్న ఆఫీసరు పైవాళ్లకి ఫోన్ చేసి అడుగుదామా అంటే, ఆపి అడుగు అన్నాడు.

తర్వాత బుడ్డితో అన్నాడు.

"నువ్వన్నది నిజమే. కానీ చేసింది మాత్రం నేను వదిలెయ్యలేనమ్మా."

"వదలొద్దు సార్," అంది బుడ్డి. "కాలవకి నీళ్లు మాత్రం వదలకండి."

ఆ మధ్యాహ్నమే ఆమెని ఉద్యోగంలోంచి సస్పెండ్ చేశారు. తాళంచెవి ఇమ్మంటే, కొత్త పరీక్షలో నీళ్లు బాగున్నాయని తేలిన రోజున ఇస్తానంది. వాళ్లు గొలుసు కొయ్యొచ్చు. ఎందుకో కొయ్యలేదు.

గని చాలా రోజులు ఆగింది. ప్రభుత్వం మనుషులు వచ్చి, బుడ్డి చెప్పినట్టే ఆమ్లం లేకుండా నీళ్లు పట్టి పరీక్ష చేస్తే, ఆమె లెక్కే వచ్చింది. మళ్లీ పాత పద్ధతికి, ఇనుముకీ సున్నానికీ వెళ్లారు. ఎర్ర బురద మళ్లీ కుప్పలు పడింది, దానికి చుట్టూ గోడ కట్టారు. కాలవ అడుగు తవ్వించి మన్ను మార్పించారు. లాండ్రీ ఆడవాళ్లని మేట్రన్ స్వయంగా ఆస్పత్రికి పిలిపించి వెంట్రుకలు, గోళ్లు పరీక్ష చేయించింది. కొందరికి మందులు మొదలయ్యాయి. అత్త చేతి మచ్చలు పోవడానికి సమయం పడుతుందన్నారు, కొన్ని అసలు పోకపోవచ్చన్నారు. పోకపోతే పోనీ, నాకేమన్నా పెళ్లిచూపులా అంది అత్త. మేడ మెట్లు ఎక్కాక మాత్రం చాలాసేపు చేతులు ఒళ్లో పెట్టుకుని కూర్చుంది.

విచారణ కంపెనీ ఆఫీసులో పొడుగు బల్ల దగ్గర జరిగింది. పైనుంచి వచ్చిన ముగ్గురు, వాళ్ల పక్కన పెద్దసారు. వాళ్లు కఠినంగా ఏమీ మాట్లాడలేదు. నువ్వు మంచి ఉద్దేశంతోనే చేశావని మాకు తెలుసు అన్నారు. పరిస్థితిని తప్పుగా అర్థం చేసుకుని తొందరపడ్డానని ఒక్క వాక్యం ఒప్పుకుంటే, మర్నాటినుంచే పాత కుర్చీలో కూర్చోవచ్చు అన్నారు. పెద్దసారు కూడా ఒప్పుకోమన్నట్టుగా కళ్లతోనే సైగ చేశాడు. అందులో ఆయన స్వార్థం కొంత, ఆమె మీద అభిమానం కొంత ఉండి ఉండాలి.

ఆ కుర్చీ బుడ్డికి ఇష్టం. ఆ కిటికీ, ఆ గాజు గిన్నెలు, నల్ల కాగితంలో చుట్టి ఉన్న ఆ ఎర్రరాయి, అన్నీ ఇష్టం.

"ఒక్కటి మాత్రం నేను తప్పుగా అర్థం చేసుకున్నాను," అంది. "ఒకసారి చెబితే చాలనుకున్నాను. అది రాసుకోండి, సంతకం పెడతాను."

వాళ్లు రాసుకోలేదు. ఉద్యోగం పోయింది. పెద్దసారు అదే కుర్చీలో ఉండిపోయాడు, మూడు గనుల పెద్దగా మాత్రం వెళ్లలేదు. ఆయన కాలవ దగ్గరికి తానే వచ్చి నీళ్లు పట్టుకెళ్లడం అప్పుడప్పుడూ లాండ్రీవాళ్లకి కనపడేది. బుడ్డి తాళంచెవిని ఒక కవరులో పెట్టి, ఆయన పేరు రాసి, గేటులో ఇచ్చి వచ్చింది.

కొన్నాళ్లు ఆమె లాండ్రీలోనే పనిచేసింది. అత్తకి సంతోషమే గానీ, చదివించింది ఇందుకా అని రోజుకోసారైనా అనకుండా ఉండలేకపోయేది. ఆ తర్వాత పట్టణ నీటి సరఫరా ఆఫీసులో పరీక్షల ఉద్యోగం ఖాళీ పడితే దరఖాస్తు పెట్టింది. గని గొడవ తెలిసిన మనిషిని తీసుకోవాలా వద్దా అని అక్కడ చాలా చర్చ జరిగింది. చివరికి జీతం తక్కువ కాబట్టి ఇంకెవరూ రారని తీసుకున్నారు.

మొదటి రోజు అక్కడి ఆఫీసరు ఆమెకి గోదాము చూపించాడు. బావుల దగ్గరినుంచి నీళ్లు పట్టి తెచ్చే సీసాలు అరల్లో వరసగా ఉన్నాయి. ప్రతి సీసాలో ముందే కొలిచి పోసిన ఆమ్లం ఉంది. ఏళ్ల తరబడి ఇదే పద్ధతి, చాలా పకడ్బందీగా ఉంటుంది అని ఆయన గర్వంగా చెప్పాడు.

బుడ్డి ఒక సీసా తీసుకుని చూసి, మళ్లీ అరలో పెట్టింది. చాలా బావులకి ఇది మంచి పద్ధతే అంది. ఈ బావుల్లో కొండవైపువి ఎన్ని, వాటిలో దేనికైనా కుళ్లిన గుడ్డు వాసన వస్తుందా అని అడిగింది. ఆయన బుర్ర గోక్కున్నాడు. వాసన సంగతి ఎవరూ ఎప్పుడూ చూసినట్టు లేదన్నాడు. అయినా ఇన్నేళ్లుగా లెక్కలన్నీ బాగానే ఉన్నాయి, ఇప్పుడు మళ్లీ కదిలించడం ఎందుకు అని కూడా అన్నాడు.

ఆమె అప్పటికే ఖాళీ సీసాలు వెతికి సంచిలో వేసుకుంటోంది.

"జీపు ఉందా సార్?" అంది. "పదండి, వాసన చూసొద్దాం."